పదిహేడు కార్ల లెక్క

ప్రశ్న:

అమ్మా, నమస్కారం. మాది కదిరి దగ్గర పల్లె. బెంగళూరుకొచ్చి పద్నాలుగేండ్లయింది. మారతహళ్ళి పక్కన ఒక అపార్ట్‌మెంట్‌లో మా ఆయన వాచ్‌మన్. కింద సంపు పక్కనున్న గదిలోనే మా కాపురం. నేను పైన రెండు ఫ్లాట్లలో వంట చేస్తాను. మా పాప ఎనిమిదో తరగతి. 2018లో ఆర్‌టీఈ (విద్యాహక్కు చట్టం) కింద ప్రైవేట్ స్కూల్లో ఒకటో తరగతి సీటొచ్చింది, అప్పట్నుంచీ అక్కడే. తమ్ముడికి అట్లా సీటు రాలేదు, వాడు గవర్నమెంట్ స్కూల్లో నాలుగు చదువుతున్నాడు. నేను వంట చేసే ఒక ఇంటి పాపది కూడా మా పాప స్కూలే, అదే సెక్షన్. వాళ్ళూ మన తెలుగువాళ్ళే. ఆ పాపకు తొంభైలు, మా పాపకు యాభైలు. లెక్కల్లో అయితే ఈసారి 80కి 27. మొన్న మీటింగ్‌లో టీచరు పాప ముందే అన్నారు, "ఇంట్లో చదివించేవాళ్ళు లేరు కదా, ఈ పిల్ల ఇంతే, పాసైతే చాలు" అని. ఆ రోజు నుంచి పాప పుస్తకం ముందు కూర్చుంటుంది గానీ పేజీ తిప్పదు. తెలివి లేని పిల్ల కాదమ్మా. పొద్దున అయిదున్నరకు లేచి మోటరు వేస్తుంది, నాన్నతో కార్లు తుడుస్తుంది. పదిహేడు కార్లు, కారుకు నెలకు 450. ఊరికి పోయినోళ్ళకు ఆ రోజులు కొట్టేసి నెలాఖరున లెక్క తనే నోటితో చెప్పేస్తుంది. మా ఆయన ఏడు దాకా చదివినాడు, నేను అయిదు. ఇంగ్లీషు రాదు, లెక్కలు చెప్పేకి రాదు. తొమ్మిదో తరగతి నుంచి ఫీజు కట్టాలంటున్నారు. ఊర్లో మా అమ్మ దగ్గర పెట్టి అక్కడ బడిలో చేర్పిద్దామని మా ఆయన అంటున్నాడు. నిజంగా మా ఇంటి వల్లే పాపకు చదువు రావట్లేదా? మేం ఏం తప్పు చేసినాం?

— ఒక తల్లి, బెంగళూరు

సమాధానం:

అమ్మా,

మీరు చెబుతుంటే మీ ఆయన రాశారన్న ఉత్తరం ఫొటోలు చూశాను. దాంతోపాటు ఒకటో తరగతి నుంచి పాప ప్రోగ్రెస్ కార్డులన్నీ ఫొటోలు తీసి పంపారు. ఎనిమిదేళ్ళ కార్డుల్లో ఒక్కటీ పోలేదు. తేమ గదిలో ఉంచినా అంచులు కూడా చెడలేదు, ప్లాస్టిక్ కవరు మెరుపు ఫొటోలో కనిపిస్తూనే ఉంది. నేను ఇరవై ఆరేళ్ళు ఈ ఊళ్ళో లెక్కల టీచరుగా చేశాను, నా సొంత పిల్లల కార్డులు ఇప్పుడు నా దగ్గర లేవు. కాబట్టి "చదివించేవాళ్ళు లేరు" అన్న మాట మీ ఇంటికి సరిపోదు. చదివించాలని ఉన్నవాళ్ళు ఉన్నారు. చదివించడానికి కావలసినవి లేవు. ఈ రెంటికీ తేడా ఉంది. ఆ తేడా మా టీచర్లకు తట్టదు. నాకూ చాలా ఏళ్ళు తట్టలేదు.

మీరు రెండు ప్రశ్నలు కలిపి అడిగారు. ఇంటి వల్లేనా అంటే, చాలావరకు అవును. మీ తప్పా అంటే, కాదు.

ఇల్లు అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు, రెండూ మీరే రోజూ చూస్తున్నారు. పైన ఫ్లాట్లో మీరు చపాతీలు వత్తుతున్నప్పుడు ఆ పాప డైనింగ్ టేబుల్ దగ్గర ఏం చేస్తుందో గుర్తు తెచ్చుకోండి. స్కూలు నుంచి వచ్చి టిఫిన్ తింటూ ఏదో చెబుతుంది. వాళ్ళమ్మ ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తకుండానే, "మరి టీచర్ ఎందుకలా చేయమన్నారు? నీకేమనిపించింది?" అంటుంది. ఆ పిల్ల ఒక వాక్యం చెప్పాల్సిన చోట నాలుగు చెబుతుంది. ప్రాజెక్టుకు ప్రింటౌట్ కావాలంటే ఇంట్లోనే తీసుకుంటుంది. థర్మాకోల్ కావాలంటే పదినిమిషాల్లో గేటు దగ్గరికి వస్తుంది, బహుశా దాన్ని మీ ఆయనే అందుకుని పైకి పంపిస్తారు. స్కూలు వాట్సాప్ గ్రూపులో ఇంగ్లీషులో ఏదొచ్చినా చదివి అర్థం చెప్పేవాళ్ళు ఇద్దరున్నారు. వీటిలో ఒక్కదాన్నీ ఆ ఇంట్లో "చదివించడం" అనరు. మామూలుగా ఉండటం అంటారు. ఆ మామూలే మార్కుల్లో తొంభైగా కనిపిస్తుంది. ఆ పాప కష్టపడట్లేదని కాదు. కానీ పరుగు మొదలయ్యే గీత ఆమెకు కాస్త ముందుంది.

మీ గదిలో కూడా ఒక మామూలు ఉంది. అయిదున్నరకు మోటరు. తర్వాత కార్లు. సాయంత్రం మీరు పై ఫ్లాట్ల నుంచి దిగేసరికి ఎనిమిది. అప్పటిదాకా తమ్ముణ్ణి చూసుకోవడం, గేటు దగ్గర ఎవరైనా పిలిస్తే పలకడం. మీ పాప మందకొడి కాదు, తెల్లవారకముందే ఒక షిఫ్టు చేసి బడికి వెళుతోంది.

ఇప్పుడు కార్డులు. నేను మొదట చూసింది వాటినే. రెండో తరగతి లెక్కల్లో 50కి 41. మూడో తరగతి కార్డులో మార్కుల గడులు ఖాళీ, కింద "ప్రమోటెడ్" అని ముద్ర. నాలుగు కూడా దాదాపు అంతే. అయిదో తరగతిలో ఒక్కసారిగా 22. టీచరుగారు ఈ కార్డులు పక్కపక్కన పెట్టి ఒక్క నిమిషం చూసుంటే ఆ మాట అనేవారు కాదేమో.

2020 మార్చిలో బడులు మూశారు. కర్ణాటకలో ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లలు మళ్ళీ బడిలో అడుగుపెట్టింది 2021 అక్టోబర్ 25న. పంతొమ్మిది నెలలు. మీ పాప మూడో తరగతి మొత్తం, నాలుగులో సగం ఆ పంతొమ్మిది నెలల్లో పోయాయి. ఇంట్లో ఉన్నది మీ ఆయన ఫోనొక్కటే, అది గేటు దగ్గర ఉండాలి. ఆ పంతొమ్మిది నెలలూ బడి లేదు, ఇల్లే బడి. పైన ఫ్లాట్లో ట్యాబు, వైఫై, పక్కన అమ్మ. కింద సంపు మోటరు చప్పుడు. లెక్కల్లో భాగహారం గట్టిపడేదీ, భిన్నాలు మొదలయ్యేదీ సరిగ్గా ఆ రెండు తరగతుల్లోనే. నా లెక్క ప్రకారం మీ పాప ఎనిమిదో తరగతి లెక్కల్లో వెనకబడలేదు. మూడు, నాలుగు తరగతుల లెక్కలు ఆమెకు ఎవరూ చెప్పలేదు. పునాది రెండు వరసలు లేకుండా పైన నాలుగు వరసలు పేర్చుకుంటూ వచ్చారు. ఇన్నాళ్ళూ పడకుండా నిలబడిందంటే పిల్లలో పస ఉన్నట్టే.

ఇంటి సంగతి ఇంత గట్టిగా నేను అనడానికి కారణం ఉంది. దీనిమీద పెద్ద పరిశోధన మొదలైంది అమెరికాలో. 1966లో జేమ్స్ కోల్మన్ అనే సోషియాలజిస్టు బృందం దేశమంతా సుమారు నాలుగు వేల బడుల్లో, దాదాపు ఆరు లక్షల మంది పిల్లల పరీక్షలు, ఇళ్ళ వివరాలు పరిశీలించి ప్రభుత్వానికి నివేదిక ఇచ్చింది. బిల్డింగులు, ల్యాబులు, లైబ్రరీలు బాగుంటే మార్కులు పెరుగుతాయని తేలుతుందనుకున్నారు. తీరా చూస్తే పిల్లల మధ్య తేడాకు బడి సదుపాయాల కంటే ఇంటి పరిస్థితే పెద్ద కారణమని తేలింది. అప్పటినుంచీ ఆ నివేదికను అడ్డం పెట్టుకుని "ఇల్లు అలాంటిది, మేమేం చేస్తాం" అనడం టీచర్లకు అలవాటైపోయింది. పేరు వినని వాళ్ళు కూడా అదే మాట అంటారు.

కానీ అందులోనే ఇంకో సంగతి ఉంది, అది ఎవరూ చెప్పరు. బడి మంచిదా చెడ్డదా అన్నదాని ప్రభావం ఉన్నవాళ్ళ పిల్లల మీద తక్కువ, లేనివాళ్ళ పిల్లల మీద ఎక్కువ అని కూడా కోల్మన్ చూపించాడు. ఆలోచిస్తే సహజమే. పై ఫ్లాట్ పాపకు మంచి టీచరు దొరక్కపోతే ఇంట్లో పూడ్చుకుంటుంది. మీ పాపకు క్లాసులో తెలియని లెక్క ఇంటికొచ్చినా తెలియదు. అంటే మీ టీచరుగారు చెప్పిన కారణం నిజమే అయినా దాని మీద ఆవిడ చేసిన తీర్మానం తలకిందులు. ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు కాబట్టే ఆ పిల్లకు ఆవిడ ఎక్కువ చెప్పాలి.

బడి తాను నేర్పనిదాన్ని పరీక్షలో అడుగుతుందని ఫ్రాన్స్‌లో పియెర్ బోర్డ్యూ అనే సోషియాలజిస్టు జీవితమంతా రాశాడు. మాటతీరు, ధైర్యంగా చెయ్యెత్తడం, తెలియకపోతే తెలియదని నిదానంగా అడగడం లాంటివన్నీ కొన్ని ఇళ్ళ నుంచి పిల్లలు తెచ్చుకునే ఆస్తి అంటాడు. డబ్బులాంటి ఆస్తే, కనపడదంతే. ఆయన తండ్రి ఒక పల్లెటూళ్ళో పోస్టాఫీసు ఉద్యోగి. పట్నం బడిలో చేరినప్పుడు తనకు తగిలినదే రాశాడనిపిస్తుంది నాకు.

ఇక నా తప్పొకటి చెప్పాలి. కొత్తలో ప్రతి జూన్‌లోనూ మొదటి రోజు క్లాసులో పిల్లల్ని ఒక్కొక్కరినీ లేపి "మీ నాన్న ఏం చేస్తారు?" అని అడిగేదాన్ని. పరిచయం అనుకునేదాన్ని. "ఇంజనీర్", "బ్యాంక్ మేనేజర్" అన్న గొంతులు వరసగా వచ్చేవి. మధ్యలో ఒక పిల్లవాడు "బిజినెస్" అన్నాడు. తర్వాత తెలిసింది, వాళ్ళ నాన్న తోపుడు బండి మీద అరటిపళ్ళు అమ్ముతాడని. ఆ బండి నేను రోజూ బస్సు దిగే చోటే ఉండేది. ఏడాదంతా ఆ పిల్లవాడు నా క్లాసులో ఒక్కసారి చెయ్యెత్తలేదు. వాడికి లెక్కలు రావనుకున్నాను. తర్వాతి ఏడు నా స్నేహితురాలి క్లాసులో మొదటి అయిదుగురిలో ఉన్నాడు. ఆవిడ ఎవరి నాన్న గురించీ అడగదు.

చాలా ఏళ్ళ తర్వాత కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు పరిశోధకులు చేసిన ప్రయోగం గురించి చదివినప్పుడు ఆ అరటిపళ్ళ బండి గుర్తొచ్చింది. ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు కాగితం మీద దారి కనుక్కునే చిక్కుబొమ్మలు ఇచ్చారు. ఎన్ని విప్పితే అన్ని డబ్బులు. ఎవరి కులం ఏమిటో బయటికి చెప్పనప్పుడు పై కులాల పిల్లలూ, కింద అనిపించుకునే కులాల పిల్లలూ సమానంగా విప్పారు. పిల్లల పేరు, కులం అందరిముందూ చదివాక కింది కులాల పిల్లలు విప్పినవి బాగా తగ్గిపోయాయి. బుర్ర అదే, బొమ్మలూ అవే, మారింది ఆ గదిలో వినబడిన మాటొక్కటే. ఆ ఫలితాలు 2004లో ప్రపంచ బ్యాంకు పరిశోధన పత్రంగా వచ్చాయి.

మీ పాప పేజీ తిప్పకపోవడానికి కారణం నాకు ఇదే అనిపిస్తోంది. "ఈ పిల్ల ఇంతే" అన్నది ఆమె ముందే అన్నారు. కాబట్టి మొదటి పని ఆ మాటను ఇంట్లో పదేపదే తలుచుకోకుండా ఉండటం. ఓదార్చాలని కూడా "మనకెవరున్నారు చెప్పేందుకు" అనకండి. బదులు ఆ కార్డులు వరసగా ముందు పెట్టి చూపించండి. ఇదిగో రెండో తరగతిలో 41, ఇక్కడ బడి మూసేశారు, ఇక్కడి నుంచి తగ్గింది, నీకు రాక కాదు, చెప్పక అని. పదమూడేళ్ళ పిల్లకు ఈ లెక్క అర్థమవుతుంది.

ఆ పదిహేడు కార్ల సంగతికొద్దాం. మీరు మాటల్లో మాటగా రాసేశారు గానీ, ఉత్తరం మొత్తంలో నన్ను ఆపింది అదే. నెలకు 450. ఒకాయన పన్నెండు రోజులు ఊరెళ్ళాడు. మీ పాప 270 అని నోటితో చెప్పేస్తుంది. ఎలా? రోజుకు 15 అని ఆమెకు తెలుసు. పన్నెండు రోజులకు 180 తీసేసింది. ఇది భిన్నం. ముప్పైలో పద్దెనిమిది, అంటే అయిదులో మూడు వంతులు, 450లో అయిదింట మూడు వంతులు 270. పరీక్షలో ఇదే లెక్క ఇంగ్లీషులో, గీత పైన ఒక అంకె, కింద ఒక అంకె పెట్టి అడిగితే పిల్ల బిగుసుకుపోతుంది.

ఇది మీ పాప ఒక్కదాని సంగతి కాదు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మరికొందరు కలిసి కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో సామాన్లు అమ్మే పద్నాలుగు వందల మందికి పైగా పిల్లల్ని పరీక్షించారు. 2025లో ఆ ఫలితాలు నేచర్ అనే సైన్సు పత్రికలో వచ్చాయి. కిలో ఇంత, ఎనిమిది వందల గ్రాములు ఎంత, నోటుకు చిల్లరెంత అన్నవి చకచకా చెప్పే పిల్లలే, అంతకంటే తేలికైన భాగహారం కాగితం మీద బడి పద్ధతిలో ఇస్తే చేయలేకపోయారు. బడికి మాత్రమే వెళ్ళే పిల్లలు ఉల్టా, కాగితం మీద చేసి, బేరం దగ్గర తడబడ్డారు. ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు వంతెన ఎవరూ కట్టలేదన్నమాట. ఆ వంతెన మీ ఇంట్లో కట్టొచ్చు. దానికి మీకు ఇంగ్లీషు అక్కర్లేదు.

ఒక పాత నోటుబుక్కు తీసుకోండి. నెలాఖరు లెక్క పాప నోటితో చెప్పడం ఆపి, అందులో రాయాలి. ఎడమ పేజీలో తను మనసులో ఎలా చేసిందో తెలుగు మాటల్లో మీకు చెబుతుంది, మీ ఆయన రాస్తారు: "రోజుకు పదిహేను, పద్దెనిమిది రోజులు". కుడి పేజీలో అదే లెక్క పాప బడి గుర్తులతో రాస్తుంది. మొదట భిన్నంగా. రెండు వారాలయ్యాక ఇంకో రకంగా: రోజుల్ని x అనుకో, డబ్బు 15x. ఒకావిడ 330 ఇచ్చింది, ఎన్ని రోజులకు? ఇరవై రెండు. ఇది ఎనిమిదో తరగతి లీనియర్ ఈక్వేషన్. దాన్నే గళ్ళ కాగితం మీద గీస్తే గ్రాఫు. తను ఎప్పుడో చేస్తున్న పనికి బడి పెట్టిన పేరు ఇదని ఒకసారి పట్టుబడితే పిల్లకు భయం పోతుంది. నా క్లాసులో పోయింది, కళ్ళారా చూశాను.

మీ పని పక్కన కూర్చుని "ఎందుకు?" అని అడగడం. "పదిహేనుతో ఎందుకు గుణించావ్? తప్పయితే ఎట్లా తెలుస్తుంది?" జవాబు మీకు తెలియకపోవడమే ఇక్కడ మంచిది. నిజంగా తెలియనివాళ్ళకు చెప్పేటప్పుడు పిల్లలు దాటవేయలేరు. బిహార్, రాజస్థాన్‌లలో పెద్దగా చదువుకోని తల్లుల మీద ఇలాంటి ప్రయత్నం జరిగింది. కొందరికి చదవడం రాయడం నేర్పారు, కొందరికి వారం వారం పిల్లలతో ఇంట్లో చేయించే పనులు ఇచ్చారు. పిల్లల లెక్కలు మెరుగుపడ్డాయి. కొద్దిగానే, ఎక్కువ చేసి చెప్పను. కానీ తల్లి చదువుకోలేదు కాబట్టి ఆమె వల్ల ఏమీ కాదన్న మాట మాత్రం నిలబడదు.

పోయిన పునాది వేరే పూడ్చాలి. ట్యూషన్ పెట్టే స్తోమత ఉంటే ఎనిమిదో తరగతి ట్యూషన్ వద్దు. అక్కడ మళ్ళీ రేపటి పరీక్షకు ముఖ్యమైన ప్రశ్నలే బట్టీ పట్టిస్తారు. నాలుగు, అయిదు తరగతుల లెక్కలు ఓపికగా చెప్పేవాళ్ళను చూడండి. తరగతిని బట్టి కాక, పిల్ల ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి చెప్పడం మన దేశంలో ప్రథమ్ సంస్థ ఏళ్ళ తరబడి చేసి చూపించిన పద్ధతి, ఫలితాలు బాగా వచ్చిన పద్ధతి. అవెన్యూ రోడ్డులో పాత పాఠ్యపుస్తకాలు దొరుకుతాయి, నాలుగు, అయిదు, ఆరు తరగతుల లెక్కల పుస్తకాలు తెచ్చుకోండి. పాపకు నామోషీ అనిపిస్తే తమ్ముడి కోసమని తెచ్చి, వాడికి చెప్పమనండి. వాడు ఇప్పుడు నాలుగే కదా. చెబుతూ చెబుతూ తనే నేర్చుకుంటుంది, ఇద్దరికీ పనికొస్తుంది.

కూర్చునే చోటు కావాలి. మీ అపార్ట్‌మెంట్‌లో అసోసియేషన్ మీటింగ్ రూమ్ ఉండే ఉంటుంది, నెలకో రెండు నెలలకో ఒకసారి తెరుస్తారు. సెక్రటరీగారిని మీ ఆయన కాక మీరు వెళ్ళి అడగండి, రాత్రి ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా పిల్లలిద్దరూ అక్కడ చదువుకుంటారని. పై ఫ్లాట్ అక్కను కూడా ఒక్క సాయం అడగండి, స్కూలు గ్రూపులో వచ్చే మెసేజులు రోజూ మీకు తెలుగులో రెండు ముక్కల్లో చెప్పమని. పాపకు పాఠం చెప్పమని అడగకండి. జీతం ఇచ్చే ఇంటితో ఆ లెక్క వేరే పోతుంది, నెల తిరిగేసరికి ఇద్దరికీ ఇబ్బందే.

ఇక బడి. ఆ సీటు ఎవరో దయతో ఇచ్చింది కాదు. విద్యాహక్కు చట్టం వచ్చింది 2009లో, అమలు 2010 ఏప్రిల్ 1 నుంచి. ప్రైవేట్ బడులు మొదటి తరగతిలో నాలుగో వంతు సీట్లు మీలాంటి ఇళ్ళ పిల్లలకు ఇవ్వాలి, ఆ ఖర్చు ప్రభుత్వం బడికి చెల్లిస్తుంది. ఆ చట్టంలోనే టీచరు పనుల జాబితా ఉంది, 24వ సెక్షన్. ప్రతి పిల్లకూ ఎంత వచ్చో చూసి, అవసరమైతే అదనంగా చెప్పడం అందులో ఉంది. పిల్లల్ని మానసికంగా వేధించకూడదని 17వ సెక్షన్. (తమ్ముడికి ఎందుకు రాలేదంటే, 2018 చివర్లో కర్ణాటక నిబంధన మార్చింది. దగ్గర్లో ప్రభుత్వ బడి గానీ ఎయిడెడ్ బడి గానీ ఉంటే ప్రైవేట్ బడిలో ఈ సీట్లు ఇవ్వక్కర్లేదంది. మీ పాపది ఆ మార్పుకు ముందు ఆఖరి బ్యాచీ.)

చట్టం పేరు చెప్పి మీటింగ్‌లో గొడవ పడమని నేననను. పాప ఇంకా నాలుగైదు నెలలు అక్కడే కూర్చోవాలి. రెండో తరగతి, అయిదో తరగతి కార్డులు, కార్ల నోటుబుక్కు పట్టుకుని, పాపను బయట కూర్చోబెట్టి, మీ ఆయనా మీరూ ఇద్దరూ వెళ్ళండి. "మా పాపకు మూడు, నాలుగు తరగతుల లెక్కలు పోయాయి మేడం. వారానికి రెండు రోజులు ఒక అరగంట చెప్పగలరా?" అని అడగండి. తెలుగులోనో, మీకొచ్చిన కన్నడంలోనో. ఇంగ్లీషు రాదని తలొంచుకోనక్కర్లేదు. ఫలానా సాయం కావాలని అడిగే తల్లిదండ్రులు మాకు చాలా తక్కువమంది వస్తారు. "బాగా చెప్పండి మేడం" అనేవాళ్ళే అందరూ, దానికి మేం తలూపి ఊరుకుంటాం. ఆవిడ కుదరదంటే హెడ్‌మిస్ట్రెస్‌కు కాగితం మీద రాసివ్వండి. అప్పుడు సెక్షన్ల సంగతి రాయొచ్చు.

తొమ్మిదో తరగతి ఫీజు గురించి వాళ్ళు చెప్పింది నిజమే. ఆ సీటు ఎనిమిది దాకానే. ఫీజు తగ్గించమని యాజమాన్యానికి ఇప్పుడే అర్జీ పెట్టండి, మే నెలలో అడిగితే లాభం లేదు. వడ్డీకి తెచ్చి కట్టాల్సి వస్తే మాత్రం నా మాట వినండి, వద్దు. దగ్గర్లో ఎయిడెడ్ హైస్కూలో, ప్రభుత్వ హైస్కూలో చూడండి. అక్కడి టీచర్లు బీఎడ్ చేసి, ఎంపికై వచ్చినవాళ్ళు. పదో తరగతి దాకా మధ్యాహ్నం భోజనం ఉంటుంది. ఇంగ్లీష్ మీడియం సెక్షన్ ఉందా లేదా, లెక్కల టీచరు పోస్టు ఖాళీగా ఉందా, ఈ రెండూ స్వయంగా వెళ్ళి అడగండి. రెండోది ముఖ్యం. ఎవరో ఒకరు మీకు ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ గురించి చెబుతారు, ఏడాదికి 12,000. ఎనిమిదిలో పరీక్ష రాసి తొమ్మిది నుంచి పన్నెండు దాకా తీసుకునేది. అది ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలకే, ప్రైవేట్ బడిలో ఉన్న మీ పాపకు వర్తించదు. దాని కోసం తిరిగి రోజులు పోగొట్టుకోకండి. మీ అబ్బాయికి నాలుగేళ్ళ తర్వాత పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఊరికి పంపడం మాత్రం నాకు నచ్చలేదు. అమ్మమ్మ ప్రేమకు లోటుండదు, నిజమే. కానీ అక్కడ తెలుగు ఒక పేపరు. మీ పాప తెలుగు చక్కగా మాట్లాడుతుంది, రాయడం రాదు. ఎనిమిదేళ్ళు కన్నడం రాసిన చేయి అది. రెండు లిపులూ దగ్గరే, నేర్చుకోగలదు, కాదనను. అయినా లెక్కల్లో పునాది పూడ్చుకోవాల్సిన రెండేళ్ళలో కొత్తగా ఇంకో భాషలో పదో తరగతి పరీక్ష రాయమనడం ఎందుకు? పైగా టీచరు "ఇంతే" అన్న నెలల్లోనే ఇంట్లోంచి పంపేస్తే, ఆ మాటకు మీరూ ఒప్పుకున్నారని పిల్ల అనుకుంటుంది.

మీకు సగమే చెప్పాను, మిగతా సగం మీ ఆయనకు. పాప పొద్దున ఒక గంట ఎక్కువ పడుకోవాలి, లేదా ఆ గంట చదవాలి. కార్లు ఆయన తుడుచుకోవాలి, కుదరకపోతే ఒకటి రెండు వదులుకోవాలి. ఒక కారు వదిలితే నెలకు 450 పోతుంది, నాకు తెలుసు, మీ ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. అది ట్యూషన్ ఫీజు అనుకోండి. ఇక మోటరు. అబ్బాయికి తొమ్మిదేళ్ళు వచ్చుంటాయి. ఆ స్విచ్ వాడికి అందుతుందో లేదో ఈసారి రాసేటప్పుడు తప్పకుండా రాయండి.